శిక్షల కూడికయు దాని హద్దును

పౌరధర్మముల పాఠములో న్యాయస్థానముల ప్రకరణమునకు వచ్చినప్పుడెల్ల విద్యార్థులు అడుగు ప్రశ్న యొకటి కలదు. ఒకడు ఒక నేరము చేసిన, వానికి కలుగు శిక్ష యింతయని చట్టములో వ్రాసియుండును. వాడే పది నేరములు చేసినయెడల ఆ శిక్షను పదింతలు చేయవలయునా? చేసినచో ఆ లెక్కకు ఎక్కడనైన అంతము కలదా? ఈ ప్రశ్న పిల్లల ప్రశ్నవలె తోచునుగాని, పేరుపొందిన న్యాయాధిపతులు దీనినిగూర్చి తమలో తాము భేదించిరి. శాసనసభలు దీనికొఱకు వేర్వేరు చట్టములు చేసినవి. ముఖ్యముగా అమెరికా సంయుక్త రాష్ట్రములలో ప్రతి రాష్ట్రమునకును తన శిక్షాస్మృతిని తానే వ్రాసికొను అధికారముండుటచేత, అచ్చట ఈ ప్రశ్నకు పలువిధములైన ప్రత్యుత్తరములు పుట్టినవి. వానిలో కొన్నిటిని ఇచ్చట విచారించి, తుదకు మన దేశపు నియమమును వానితో సరిపోల్చి చూచెదము.

1. రెండు విధములైన శిక్షలు

మొదట రెండు మాటల యర్థము తెలిసికొనవలెను. ఒక ముద్దాయి రెండు నేరములు చేసినట్లు ఋజువయ్యెననుకొందము. మొదటిదానికి మూడేండ్లు, రెండవదానికి రెండేండ్లు ఖైదు విధింపబడినది. న్యాయాధిపతి ఆ రెండును ఏకకాలమున జరుగవలెనని ఉత్తరువు చేసినచో, రెండు శిక్షలును ఒకే దినమున మొదలై ప్రక్కప్రక్కనే నడచును. మూడేండ్లు నిండగానే ముద్దాయి విడుదల పొందును. దీనిని ఏకకాల శిక్ష యందుము. అట్లుగాక ఒకటి ముగిసిన పిమ్మటనే మఱియొకటి మొదలు కావలెనని ఉత్తరువైనచో, మూడును రెండును కలిసి ఐదేండ్లగును. దీనిని వరుస శిక్ష యందుము. ఒకే కాడిక్రింద రెండెద్దులు నడచుట మొదటిది. ఒకదాని వెనుక నొకటిగా రెండు బండ్లు సాగుట రెండవది.

నేరములు రెండే యైనప్పుడు ఈ భేదము స్వల్పము. నేరములు వందలైనప్పుడు ఒక మనుష్యుని ఆయుష్కాలమంతయు ఈ ఒక్క మాటమీద నిలుచును.

రెండు పక్షములందును న్యాయము కలదని గుర్తింపవలెను. అన్నిటిని ఏకకాలముగా నడిపినచో, మొదటి నేరము చేసినవానికి తక్కిన నేరములు ఉచితముగా దొరకినట్లగును. ఒక రాత్రి వీధిలో ఒక యింటిని దోచినవానికిని, పది యిండ్లను దోచినవానికిని శిక్ష యొక్కటే యైనచో, తక్కిన తొమ్మిది యిండ్లవారు తమ నష్టము లెక్కకు రాలేదా యని యడుగుదురు. వారి ప్రశ్నకు సమాధానము చెప్పుట కష్టము. ఇక అన్నిటిని కూడుకొనుచు పోయినచో, చిన్న తప్పులు కుప్పయై, నరహత్య చేసినవాడు కూడ అనుభవింపని శిక్షను ఒక సామాన్యుడు అనుభవింపవలసి వచ్చును. అట్లు నిజముగా జరిగినది కూడ. ఆ కథ వినుడు.

2. రట్లండు పట్టణపు వ్యాజ్యెము

గత శతాబ్దమునకు ముందటి శతాబ్దములో వెర్మాంటు రాష్ట్రమున మద్యము అమ్మకూడదను చట్టముండెను. దాని ప్రక్కనున్న న్యూయార్కు రాష్ట్రములో ఆ వ్యాపారము చట్టసమ్మతము. ఆ న్యూయార్కు రాష్ట్రములోని వైట్‌హాల్ అను ఊరిలో జాన్ ఓనీల్ అను వర్తకుడు మద్యము విక్రయించుచుండెను. సరిహద్దున కవతల, వెర్మాంటులోని రట్లండు ప్రాంతమువారు ఉత్తరముల మూలమునను తంతుల మూలమునను అతనికి వర్తమానము పంపగా, అతడు సరుకును సీసాలలోను జాడీలలోను పెట్టి సరుకురవాణా కంపెనీ ద్వారా పంపుచు, సరుకు అప్పగించినప్పుడు వెల వసూలు చేయుడని కంపెనీవారితో చెప్పుచుండెను. వెల చెల్లించి సరుకు పుచ్చుకొన్నచోటనే అమ్మకము జరిగినదని వెర్మాంటు న్యాయస్థానములు నిర్ణయించెను. కాబట్టి ప్రతి జాడీయు ఆ రాష్ట్రములో జరిగిన ఒక్కొక్క నేరమాయెను.

ఇచ్చట విద్యార్థులు పలక పుచ్చుకొని లెక్క చేయవచ్చును. మొదట రట్లండులోని క్రింది న్యాయాధిపతి 457 నేరములు ఋజువైనవని తేల్చెను. అప్పీలుమీద జ్యూరీవారు వానిని 307గా నిర్ణయించిరి. ఒక్కొక్క నేరమునకు 20 డాలర్ల జుల్మానా. 307 నేరములకు 6,140 డాలర్లు. దీనికి వ్యాజ్యెపు ఖర్చులు చేరి మొత్తము 6,638 డాలర్ల 72 సెంట్లయ్యెను. ఆ సొమ్ము గడువులోగా చెల్లింపనియెడల, డాలరుకు మూడు దినముల చొప్పున కఠినశ్రమతో ఖైదు అనుభవింపవలెను. అనగా 19,914 దినములు. ఏండ్లలో చెప్పినచో 54 ఏండ్లకు పైబడును. క్రింది న్యాయాధిపతి వేసిన మొదటి లెక్క నిలిచియున్నచో 28,836 దినములు, అనగా 79 ఏండ్లు అయ్యెడిది.

ఒక్కొక్క నేరమునకు నిర్ణయించిన శిక్ష చిన్నదే. 20 డాలర్ల జుల్మానాను క్రూరమని యెవడును అనడు. వెర్మాంటు పై న్యాయస్థానమువారు ఈ మాటనే పట్టుకొని, ముద్దాయి పెక్కు నేరములు చేసెను గనుక పెద్ద శిక్షకు తానే లోబడెనని తీర్పు చెప్పిరి. వ్యాజ్యెము 1892వ సంవత్సరమున అమెరికా సుప్రీముకోర్టు చేరెను. క్రూరమైన శిక్షలను నిషేధించు రాజ్యాంగ సవరణ అప్పటికి రాష్ట్రములకు వర్తింపదని యెంచబడుచుండెను గనుక, తాము విచారింపదగిన ప్రశ్న ఇందు లేదని అధిక సంఖ్యాకులైన న్యాయమూర్తులు దానిని త్రోసివేసిరి. ఫీల్డు, హార్లను, బ్రూవరు అను మువ్వురు న్యాయమూర్తులు మాత్రము సమ్మతింపలేదు. కన్నము వేసినవానికిని, బాటలు కొట్టినవానికిని, నరహత్య చేసినవానికిని ఆ రాష్ట్రములో ఇంత శిక్ష పడదని ఫీల్డు గారు చూపించిరి. విడివిడిగా చూచిన చిన్నవైన శిక్షలే కలిపి చూచినప్పుడు క్రూరమగునని వారి వాదసారాంశము. ఆ సవరణ రాష్ట్రములకును వర్తించునని సుప్రీముకోర్టు నిర్ణయించుటకు 1962వ సంవత్సరమువఱకు వేచియుండవలసి వచ్చెను.

మద్యనిషేధము మంచిదా కాదా యన్నది ఇచ్చట మన ప్రశ్న కాదు. చట్టమును మీఱినవాడు శిక్షార్హుడే. అయితే 307 మార్లు 20 అని లెక్క వేసిన గుమాస్తా తప్పు చేయలేదు. ప్రతి మెట్టును సరిగానే యున్నది. అయినను చివరి మొత్తమును చూచి మన మనస్సు త్రుళ్లిపడుచున్నది. కూడిక సరియై, మొత్తము న్యాయము కాకపోవచ్చునను సంగతి ఈ వ్యాజ్యెము మనకు నేర్పుచున్నది.

3. హద్దు గీచిన రాష్ట్రములు

శిక్షకు హద్దు ఉండవలెనను భావము క్రొత్తది కాదు. ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయమున దోషిని కొట్టు దెబ్బలు నలువదికి మించరాదను నియమము కలదు. అయితే అది ఒక్క శిక్షకు గీచిన హద్దు. పౌలు తాను ఒకటి తక్కువ నలువది దెబ్బలను ఐదు మార్లు తిన్నట్లు కొరింథీయులకు వ్రాసెను. ఆ ఐదింటిని కూడిన 195 అగును. ఒక శిక్షకు హద్దు గీచుట వేఱు, శిక్షల మొత్తమునకు హద్దు గీచుట వేఱు అని దీనివలన తెలియుచున్నది. మన విచారణ రెండవదానిని గూర్చినది. ఇందుకు అమెరికా రాష్ట్రములలో నాలుగు విధములైన ఉపాయములు కనబడుచున్నవి.

మొదటిది గుణకారపు హద్దు. కాన్సాసు రాష్ట్రమున 1993లో శిక్షలకు క్రమమైన పట్టికలు అమలులోనికి వచ్చినవి. ఆ చట్టప్రకారము ఒకే అభియోగములో పెక్కు నేరములు ఋజువైనప్పుడు, వానిలో మిక్కిలి తీవ్రమైనదానికి విధించు శిక్షను మూల శిక్షగా పెట్టుకొందురు. తక్కినవాని నెన్నిటిని చేర్చినను మొత్తము ఖైదు ఆ మూల శిక్షకు రెట్టింపు మించరాదు. మూల శిక్ష ఐదేండ్లనుకొందము. దానితో మూడేండ్ల నేరములు నాలుగు కలవనుకొందము. వట్టి కూడికచేత పదునేడేండ్లగును. ఈ నియమముచేత పదేండ్లకు ఆగును. యావజ్జీవ శిక్ష పొందదగిన మహాపరాధములు ఈ పట్టికకు వెలుపల నుండును. ఈ పద్ధతియందు ఒక సొగసు కలదు: ముఖ్యమైన నేరమెంత పెద్దదో, హద్దును అంత పెద్దది. చిన్న నేరముల గుంపు ఎంతటిదైనను పెద్ద నేరముయొక్క శిక్షను మించజాలదు.

రెండవది సందర్భపు హద్దు. ఇండియానా రాష్ట్రపు చట్టము కాలము, స్థలము, పరిస్థితులు అను మూడింటిచేత దగ్గఱగా ముడిపడిన నేరములను ఒకే సందర్భముగా నెంచును. ఒకడు ఒకే సాయంకాలము ఒకే అంగడిలో దొంగ చెక్కులు మూడు ఇచ్చెననుకొందము. అవి పేరునకు మూడు నేరములు. మనస్సున పుట్టిన దురుద్దేశము ఒక్కటే. అట్టి సందర్భమున జరిగిన నేరములలో పెద్దది ఏ తరగతికి చెందునో దానినిబట్టి మొత్తము నిర్ణయింపబడును. పెద్ద నేరములలో మిక్కిలి క్రింది తరగతియగు ఆఱవదానికి మొత్తము 4 ఏండ్లు, మిక్కిలి పైదియగు మొదటిదానికి 42 ఏండ్లు. అయితే హింసాత్మక నేరములని చట్టములో పేర్కొనబడినవానికి ఈ హద్దు వర్తింపదు. ఇతరుల దేహమునకు హాని చేసినవాడు సందర్భమొక్కటేయని చెప్పుకొని తప్పించుకొనకుండ ఈ యేర్పాటు చేసిరి.

మూడవది సంవత్సరముల హద్దు. న్యూయార్కు రాష్ట్రమున పెద్ద నేరములను అక్షరముల పేర తరగతులుగా విభజించిరి. వరుస శిక్షల మొత్తము సాధారణముగా 20 ఏండ్లు మించినచో 20 ఏండ్లుగానే యెంచబడును. వానిలో 'బి' తరగతి నేరమున్నచో 30 ఏండ్లు. హింసాత్మక నేరములు రెండై అందొకటి 'బి' తరగతిదైనచో 40 ఏండ్లు. అట్టివి మూడుగాని అంతకు మించిగాని యున్నచో 50 ఏండ్లు. నరహత్య మొదలగు 'ఏ' తరగతి నేరములున్నచో ఈ హద్దు లేనేలేదు. ఇందు రెండు విశేషములు గమనింపదగినవి. న్యాయాధిపతి న్యాయస్థానమున వంద యేండ్లని పలికినను ఆ పలుకు చెడదు. చెఱసాల శాఖవారు లెక్క కట్టునప్పుడు దానిని చట్టపు హద్దునకు తగ్గింతురు. మఱియు, ముద్దాయి చెఱసాలలో ప్రవేశింపకముందు చేసిన నేరములకే ఈ హద్దు చెల్లును. లోపలికి పోయిన పిమ్మట మరల నేరము చేసినవానికి అది అడ్డము రాదు.

నాల్గవది కారణము చూపవలెనను హద్దు. ఆరెగాన్ రాష్ట్రమున సంవత్సరముల లెక్క లేదు. అచ్చట వరుస శిక్ష విధింపదలచిన న్యాయాధిపతి అందుకు తగిన సంగతిని ముందుగా తేల్చవలెను. ఆ నేరములు ఎడతెగని ఒకే కార్యములో పుట్టినవి కావని గాని, ఒకే కార్యములో పుట్టినను రెండవ నేరము చేయుటకు ముద్దాయికి వేఱు సంకల్పముండెనని గాని, వేఱు హాని లేక వేఱు మనుష్యునికి హాని కలిగెనని గాని కనుగొనవలెను. ఈ సంగతులను న్యాయాధిపతి తేల్చవచ్చునా, లేక జ్యూరీవారే తేల్చవలెనా యన్న వివాదము సుప్రీముకోర్టునకు పోయెను. 2009వ సంవత్సరమున ఐదుగురు న్యాయమూర్తులు నలుగురితో భేదించి, న్యాయాధిపతియే తేల్చవచ్చునని నిర్ణయించిరి. తీర్పు వ్రాసిన గిన్స్‌బర్గు గారు, శిక్షలను కలుపుటయో వరుసగా నడుపుటయో యన్నది చిరకాలమునుండి న్యాయాధిపతుల పనియేయనియు, ఆ యధికారమునకు కళ్లెము వేయదలచిన రాష్ట్రములకు ఆటంకము కల్పించుట తగదనియు అభిప్రాయపడిరి.

4. హద్దు లేనిచోట

హద్దు లేని రాష్ట్రములలో నేమగును? ఓక్లహోమా రాష్ట్రమున 1994లో ఆఱు నేరములు ఋజువైన యొకనికి, ఒక్కొక్కదానికి 5,000 ఏండ్ల చొప్పున 30,000 ఏండ్ల శిక్ష పడెను. ఆ నేరములు ఘోరమైనవే. అతనిపై మనకు జాలి పుట్టనక్కఱలేదు. అయినను 30,000 అనునది ఇక శిక్ష కాదు, అసహ్యమును తెలుపు ఒక మాట మాత్రమే. నూఱేండ్లు బ్రదుకని మనుష్యునికి మూడు వందల ఏండ్లును ముప్పది వేల ఏండ్లును సమానమే. మాటల బరువు ఎక్కువైనకొలది శిక్షయొక్క కొలత చెడిపోవును.

దీనికి భిన్నమైన ఉదాహరణము కాలిఫోర్నియాలో జరిగినది. అచ్చట 1994లో, పూర్వము గొప్ప నేరములు రెండు చేసినవాడు మూడవమాఱు పెద్ద నేరము చేసినచో 25 ఏండ్లు మొదలుకొని యావజ్జీవమువఱకు ఖైదు అను చట్టము చేయబడెను. 1995 నవంబరులో, పూర్వము శిక్షలు పొందిన ఆండ్రేడ్ అను నతడు ఒక అంగడిలో ఐదు, మఱియొక అంగడిలో నాలుగు వీడియో టేపులు దొంగిలించెను. మొదటివాని వెల 84 డాలర్ల 70 సెంట్లు. రెండవవాని వెల 68 డాలర్ల 84 సెంట్లు. అన్నియు కలిసి 153 డాలర్ల 54 సెంట్లు. అంగళ్లు రెండు గనుక నేరములు రెండు. చట్టము ఆ శిక్షలను వరుసగా నడుపుమని శాసించుటచేత 25ను 25ను కలిసి, 50 ఏండ్లు గడచినగాని షరతులతోనైన విడుదల కోరుకొనుటకు వీలులేకపోయెను. శిక్ష పడునాటికి అతనికి 37 ఏండ్లు. సుప్రీముకోర్టు 2003లో నలుగురు న్యాయమూర్తులు భేదింపగా ఐదుగురి యభిప్రాయముతో ఆ శిక్షను స్థిరపఱచెను. తరువాత 2012లో కాలిఫోర్నియా ప్రజలు స్వయముగా ఓటు వేసి, మూడవ నేరము తీవ్రమైనదో హింసాత్మకమో కానిచో, కొన్ని మినహాయింపులకు లోబడి, అట్టి దీర్ఘశిక్ష తగులకుండ చట్టమును మార్చుకొనిరి.

ఈ రెండు ఉదాహరణములకు భేదమును గమనింపుడు. మొదటిచోట చట్టము తలుపు తెఱచియుంచెను. జ్యూరీవారును న్యాయాధిపతియు ఆ దారిని పోయిరి. రెండవచోట చట్టమే న్యాయాధిపతి చేయి పట్టుకొని కూడిక వేయించెను. శాసనసభ దయకొఱకు హద్దు గీయగలదు. అట్లే కాఠిన్యము కొఱకును గీత గీయగలదు.

5. రెండు ఆక్షేపణలు

హద్దులకు విరోధముగా చెప్పబడు మాటలను కూడ వినుట న్యాయము. మొదటి ఆక్షేపణ యిది: హద్దు చేరినవానికి ఆమీద భయమేమి? టోకున కొన్నవానికి వెల తగ్గించినట్లు, మూటగా నేరములు చేసినవానికి శిక్ష తగ్గించుట తగునా? ఈ మాటలో బలము కలదు. న్యూయార్కు నగరమున బెర్నార్డు మేడాఫ్ అను ధనికుడు లాభములు చూపెదనని నమ్మించి వేలకొలది జనుల సొమ్మును అపహరించెను. 2009లో కేంద్రప్రభుత్వపు చట్టము క్రింద, రాష్ట్రములోని హద్దులు వర్తింపని న్యాయస్థానములో, 11 నేరములకును పూర్తి శిక్షలు కూడి అతనికి 150 ఏండ్లు విధించిరి. అప్పటికతనికి 71 ఏండ్లు; 2021లో చెఱలోనే మరణించెను. అంత వృద్ధునకు 150 ఏండ్లు విధించుట ఒక గుర్తు మాత్రమేయని న్యాయాధిపతి యెఱుగును; అయినను తమ జీవితకాలపు కూడబెట్టిన సొమ్ము పోగొట్టుకొన్న వారికి ఆ గుర్తు అవసరమని తలచెను. నష్టపడినవారి కన్నీరు లెక్కలోనికి రావలెనను కోరికను మనము తేలికగా త్రోసివేయరాదు.

అయితే పైని చెప్పిన రాష్ట్రములు ఈ యాక్షేపణను ఎఱుగకపోలేదు. అందుచేతనే ఇండియానా హింసాత్మక నేరములను వేఱుపఱచెను. న్యూయార్కు 'ఏ' తరగతి నేరములను, చెఱలో చేసిన నేరములను వేఱుపఱచెను. కాన్సాసు హద్దును ముఖ్య నేరపు తీవ్రతతో పెరుగునట్లు చేసెను. మఱియు శిక్ష కలిసిపోయినను నేరములు కలిసిపోవు. ప్రతి నేరమును విడిగా విచారింపబడును, విడిగా ఋజువగును, విడిగా దాఖలాలో వ్రాయబడును. పదవ యింటివాని ఫిర్యాదు వినబడకపోలేదు.

రెండవ ఆక్షేపణ: న్యాయాధిపతులు వివేకులు గదా, వారి చేతులు కట్టుట ఎందుకు? దీనికి ప్రత్యుత్తరము సులభము. ఒకే విధమైన నేరములు చేసిన ఇద్దఱు ప్రక్కప్రక్క గదులలో ఇద్దఱు న్యాయాధిపతులయెదుట నిలిచి, ఒకడు మూడేండ్లతోను, మఱియొకడు ముప్పది యేండ్లతోను వెలుపలికి వచ్చినచో, ఆ భేదము నేరమువలన గాక గదివలన కలిగినదగును. హద్దు వివేకమును తీసివేయదు; వివేకము సంచరించు పొలమునకు గట్టు వేయును.

6. మన దేశపు నియమము

మన దేశపు చట్టము ఈ ప్రశ్నను మొదటినుండియు ఎఱుగును. 1860వ సంవత్సరపు ఇండియను పీనలుకోడు 71వ సెక్షనులో ఒక యుదాహరణము కలదు. ఒకడు మఱియొకనిని కఱ్ఱతో ఏబది దెబ్బలు కొట్టెను. ఒక్కొక్క దెబ్బయు ఒక నేరమని యెంచినచో, దెబ్బకొక యేడు చొప్పున ఏబది యేండ్ల ఖైదు వచ్చును. చట్టము అట్లు చేయక, ఆ కొట్టుటనంతయు ఒక్క నేరముగానే యెంచి ఒక్క శిక్షనే విధింపుమన్నది. అయితే వాడు కొట్టుచుండగా మూడవవాడు అడ్డము రాగా, వానినికూడ బుద్ధిపూర్వకముగా కొట్టెనా, అది వేఱు నేరము. దానికి వేఱు శిక్ష. ఈ చిన్న యుదాహరణములో ఇండియానావారి సందర్భపు హద్దును, ఆరెగాన్‌వారి వేఱు మనుష్యుని సంగతియు రెండును ఇమిడియున్నవి. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 9వ సెక్షనులోను ఈ నియమమే నిలిచియున్నది.

నిజముగా వేర్వేరు నేరములైనప్పుడు మొత్తమునకు గూడ మనకు హద్దు కలదు. ఒకే విచారణలో పెక్కు నేరములు ఋజువైనప్పుడు వరుస శిక్షల మొత్తము 14 ఏండ్లు మించరాదనియు, ఆ న్యాయస్థానము ఒక నేరమునకు విధింపగల శిక్షకు రెట్టింపు మించరాదనియు 1898వ సంవత్సరపు క్రిమినలు ప్రొసీజరు కోడు 35వ సెక్షను చెప్పెను. 1973వ సంవత్సరపు కోడు 31వ సెక్షను దానినే నిలిపెను. ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 25వ సెక్షను 14 ఏండ్లను 20 ఏండ్లుగా పెంచి, రెట్టింపు నియమమును అట్లే యుంచెను. మఱియు నేరముల తీవ్రతను ఆలోచించి శిక్షలను కలుపవలెనో వరుసగా నడుపవలెనో ఉత్తరువు చేయుమని న్యాయస్థానమునకు ఆజ్ఞాపించెను. మొదటి తరగతి మేజిస్ట్రేటు ఒక నేరమునకు మూడేండ్లవఱకు ఖైదు విధింపగలడు గనుక, ఒకే విచారణలో ఎన్ని నేరములు ఋజువైనను ఆయన విధించు మొత్తము ఆఱేండ్లు మించరాదు. కాన్సాసులో రెట్టింపునకు కొలత ముఖ్య నేరపు శిక్ష. మనకు కొలత న్యాయస్థానపు అధికారము. గణితమొక్కటే, కొలకఱ్ఱ వేఱు.

పెక్కు హత్యలు చేసినవానికి పెక్కు యావజ్జీవ శిక్షలను ఒకదాని వెనుక నొకటిగా నడుపవచ్చునా యను ప్రశ్న 2016లో మన సుప్రీముకోర్టున ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనమునకు వచ్చెను. ముత్తురామలింగం వ్యాజ్యెమని దానికి పేరు. యావజ్జీవమనగా మిగిలిన జీవితమంతయు గదా. మనుష్యునికి జీవితమొక్కటే గనుక రెండవ యావజ్జీవము మొదటిదాని పిమ్మట మొదలు కాజాలదని వారు నిర్ణయించిరి. కొన్ని యేండ్ల శిక్షను ముందుగా ముగించి, పిమ్మట యావజ్జీవమును ప్రారంభింపవచ్చునుగాని, యావజ్జీవము తరువాత మఱియొక శిక్ష రాజాలదు. 30,000 ఏండ్ల తీర్పునకు ఇంతకంటె సూటియైన ప్రత్యుత్తరము మాకు కనబడలేదు.

7. ఫలితార్థము

ఇంతవఱకు చూచినదానినిబట్టి తేలునది యిది. నేరములను కాగితముమీద కూడవచ్చును. శిక్షను మాత్రము ఒక్క మనుష్యుడు, ఒక్క దేహముతో, ఒక్క ఆయువులో అనుభవించును. కాబట్టి న్యాయము చేయువాడు రెండు పనులు చేయవలెను. ప్రతి తప్పును విడిగా లెక్కింపవలెను. లేనియెడల నష్టపడినవారికి అన్యాయమగును. లెక్క మూయకముందు మొత్తమును ఒకమాఱు నిదానించి చూడవలెను. లేనియెడల ముద్దాయికి అన్యాయమగును. మంచి శాసనము ఈ రెండవ చూపును న్యాయాధిపతియొక్క మంచి మనస్సునకే విడిచిపెట్టక, ఆయన అలసియున్న దినమునను, కోపముగా నున్న దినమునను కూడ జరుగునట్లు వ్రాసిపెట్టును.

తలిదండ్రులకును తోడి యుపాధ్యాయులకును ఒక్క మాట. ఒక బాలుడు ఉదయము ఆలస్యముగా వచ్చును. ఆ తొందరలో పుస్తకము మఱచును. ఆ కారణమున పాఠము అప్పగింపలేకపోవును. ముగ్గురు ఉపాధ్యాయులు ఒకరి సంగతి ఒకరెఱుగక మూడు దినముల ఆటను మాన్పింతురు. సాయంకాలము ఇంటిలో తండ్రి నాల్గవ శిక్ష విధించును. ఒక్కొక్కరును తక్కువే విధించిరి. మొత్తమును ఎవరును చూడలేదు. రట్లండు వ్యాజ్యెము మన యిండ్లలోను జరుగుచుండును. బాలుడు ఆ మూడింటికి తోడు అబద్ధమాడెనా, అది వేఱు సంకల్పము. దానిని వేఱుగా విచారింపవలసినదే.

విద్యార్థులకు ప్రశ్నలు

1. మూల శిక్ష ఏడేండ్లు. దానితో కూడిన నేరములకు నాలుగు, నాలుగు, మూడు ఏండ్లు. వట్టి కూడికచేత ఎంత? కాన్సాసు నియమముచేత ఎంత?

2. వైట్‌హాల్ వర్తకుడు పంపిన ప్రతి జాడీని వేఱు నేరముగా నెంచుట న్యాయమా? ఏబది దెబ్బల యుదాహరణముతో సరిపోల్చి వ్రాయుడు.

3. చెఱసాలలో ప్రవేశించిన పిమ్మట చేసిన నేరములకు న్యూయార్కు హద్దు ఎందుకు వర్తింపదు?

4. న్యాయాధిపతి కాఠిన్యమును అడ్డగించు హద్దును, న్యాయాధిపతి కనికరమును అడ్డగించు చట్టమును పై వ్యాసమునుండి ఒక్కొక్కటి యెత్తి చూపి, వానిలో మీ యభిప్రాయమున నేది తగినదో కారణములతో వ్రాయుడు.